ఆంత్రసైట్ బొగ్గు పొయ్యితో చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం ఎలా?

పెన్సిల్వేనియా ఈశాన్య మూలన, అంటే స్క్రాంటన్, విల్క్స్‌బారీ, హేజిల్‌టన్, పాట్స్‌విల్ చుట్టుపక్కల పాత ఇల్లు తీసుకుంటే, బేస్‌మెంట్‌లోనో హాల్లో ఓ మూలనో బరువైన ఇనప బొగ్గు పొయ్యి కనిపించడం మామూలే. హీటింగ్ ఆయిల్ ధర పెరిగిన ఏడాది, లేదా మంచు తుఫానుకి కరెంటు పోయి ఫర్నేస్ ఆగిపోయిన రాత్రి, "దీన్ని వెలిగించడం ఎలా?" అనే ప్రశ్న వస్తుంది. చేత్తో బొగ్గు వేసుకునే పొయ్యికి కరెంటు అక్కర్లేదు, రోజుకి రెండుసార్లు చూసుకుంటే ఇరవై నాలుగు గంటలూ ఒకేలాంటి వెచ్చదనం ఇస్తుంది. పద్ధతి తెలిస్తే పెద్ద కష్టమేమీ కాదు. తెలియకుండా మొదలుపెడితే మాత్రం ఒకటి నిప్పు అంటుకోక విసుగొస్తుంది, లేదా ప్రాణం మీదకి వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ బొగ్గు గురించి తెలుసుకోండి. ఇక్కడ తవ్వేది ఆంత్రసైట్, రాక్షసి బొగ్గులో అన్నిటికన్నా గట్టి రకం. నిగనిగలాడుతుంది, చేతికి మసి పెద్దగా అంటదు, కాలితే పొగ దాదాపు ఉండదు, మంట పొట్టిగా నీలంగా ఉంటుంది. కొత్తగూడెం, మందమర్రి వైపు పెరిగి అక్కడి బొగ్గు పొగ ఎరిగిన వాళ్లు ఇది కూడా అలాగే ఉంటుందేమో అనుకుంటారు, కానీ సింగరేణి బొగ్గు రకం వేరు, దాని గుణం వేరు. ఆంత్రసైట్‌తో చిక్కల్లా అంటుకోవడం దగ్గరే. దాదాపు 900 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి తగిలితే గానీ రాజుకోదు. 1808లో విల్క్స్‌బారీలో జెస్సీ ఫెల్ అనే ఆయన ఇనప కడ్డీల జాలీ మీద దీన్ని పేర్చి, కింద నుంచి గాలి దానంతట అది ఆడేలా చేసి మండించి చూపించేదాకా, ఇది ఇళ్లలో కాల్చుకోవడానికి పనికొచ్చే బొగ్గు కాదనే చాలామంది అనుకునేవారు. మీ ఇంట్లో ఉన్న పొయ్యి కూడా ఆ సూత్రం మీదే పనిచేస్తుంది. గాలి కింద నుంచి రావాలి, బొగ్గు గుండా పైకి పోవాలి. దీన్ని మనసులో పెట్టుకుంటే మిగతా పనులన్నీ ఎందుకు అలా చేయాలో వాటంతట అవే అర్థమవుతాయి.

నిప్పు పెట్టే ముందు చూసుకోవలసినవి

పొయ్యి వెనకాల ఉండే లోహపు పలక చదవండి. బొగ్గు కాల్చవచ్చని దాని మీద గానీ మాన్యువల్‌లో గానీ ఉండాలి. కట్టెల కోసం చేసిన పొయ్యిలో బొగ్గు వేయకూడదు. కింద జాలీ ఉండదు కాబట్టి సరిగ్గా కాలదు, కాలితే ఆ వేడికి పొయ్యి పగుళ్లిచ్చే ప్రమాదం ఉంటుంది. బొగ్గు పొయ్యి అయితే అడుగున కదిలే జాలీ, దాన్ని ఆడించడానికి బయటికి ఒక హ్యాండిల్, జాలీ కింద బూడిద ట్రే, ఆ ట్రే తలుపుకి గాలి వదిలే చక్రమో పలకో ఉంటాయి. లోపల గోడలకి ఫైర్ బ్రిక్, అంటే వేడికి తట్టుకునే ఇటుక, పేర్చి ఉంటుంది. విరిగిన ఇటుకలుంటే ముందే మార్చేయండి.

చిమ్నీని బొగ్గు పొయ్యిల సంగతి తెలిసిన చిమ్నీ స్వీప్‌తో, అంటే చిమ్నీలు శుభ్రం చేసే పనివాళ్లతో చూపించండి, దీని మీద డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. ఈ పొయ్యి గొట్టానికి విడిగా ఒక దారి ఉండాలి, ఆయిల్ ఫర్నేస్‌తోనో గ్యాస్ వాటర్ హీటర్‌తోనో పంచుకోకూడదు. చిమ్నీ కొస, కప్పులోంచి బయటికొచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న ఏ భాగం కన్నా 2 అడుగులు ఎత్తుండాలి. చిమ్నీ లోపల స్టీల్ లైనర్ (లోపలి గొట్టం) వేయించి ఉంటే అది బొగ్గుకి పనికొస్తుందో లేదో అడగండి, ఎందుకంటే బొగ్గులోని గంధకం కొన్ని రకాల స్టీలుని తినేస్తుంది. దూరాల విషయంలో, పలక మీద ఏమీ రాసి లేని పాత పొయ్యి అయితే చెక్క గోడలకి 36 అంగుళాలు, ఒకే పొర ఉన్న పొగగొట్టానికి 18 అంగుళాలు వదలాలి. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకీ టౌన్‌షిప్ ఆఫీసుకీ ముందే చెప్పడం మంచిది.

ఇప్పుడు అసలు విషయం. బొగ్గు నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట పెట్టదు. కట్టెల పొగ అయితే దగ్గొచ్చి నిద్ర లేస్తాం, దీనితో అలా జరగదు, తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నిస్సత్తువ, ఆ తర్వాత స్పృహ తప్పడం. ఉత్తరాదిన చలికాలంలో తలుపులేసుకున్న గదిలో బొగ్గుల అంగీఠీ పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి చనిపోయాయన్న వార్తలు చదువుతూనే ఉంటాం. మన ఊళ్లలో కుంపటి గదిలో పెట్టుకుని తలుపు మూసినా జరిగేది అదే. చిమ్నీ ఉన్న పొయ్యి అలాంటిది కాదు, ఆ వాయువు చిమ్నీ గుండా పైకి పోతుంది, కానీ పోతోందని మీరు ప్రతిరోజూ ఖాయం చేసుకోవాలి. పొయ్యి ఉన్న అంతస్తులో ఒకటి, పడకగదుల బయట ఒకటి, మొత్తం మీద ప్రతి అంతస్తులో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి, అందులో బ్యాటరీ బ్యాకప్ ఉండాలి. వాటికి గడువు తేదీ ఉంటుంది, వెనక్కి తిప్పి చూడండి. అలారం మోగితే పొయ్యి సంగతి చూద్దామని ఆగకండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని బయటికొచ్చేసి, అక్కడి నుంచి 911కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చి పర్వాలేదనేదాకా లోపలికి వెళ్లొద్దు.

మన ఇళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. వంటింట్లో పోపు వేసేటప్పుడు, చేపలు వేయించేటప్పుడు గట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఫుల్‌లో పెడతాం. బిగువుగా మూసిన ఇంట్లో ఆ ఫ్యాన్ గాలిని లాగేస్తుంటే, బయటి గాలి చిమ్నీలోంచి కిందికి దిగి పొయ్యిలోని వాయువుల్ని ఇంట్లోకి తోసే ప్రమాదం ఉంది. బట్టలు ఆరబెట్టే డ్రయర్ కూడా అంతే. కాబట్టి ఫ్యాన్ వేసినప్పుడు వంటింటి కిటికీ రెండంగుళాలు తెరిచి ఉంచండి, అత్తయ్యలూ అమ్మలూ ఇండియా నుంచి వచ్చినప్పుడు వాళ్లకీ ఇది మొదటి రోజే చెప్పండి.

బొగ్గు ఎంత కొనాలి, ఏ సైజు?

ఇక్కడి బొగ్గుని బ్రేకర్ అనే చోట పగలగొట్టి, కడిగి, సైజుల వారీగా జల్లిస్తారు. సైజులకి పేర్లుంటాయి: రైస్, బక్‌వీట్, పీ, నట్, స్టవ్. మోటార్‌తో దానంతట అది బొగ్గు వేసుకునే స్టోకర్‌లకి రైస్ కావాలి, అది బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. చేత్తో వేసే పొయ్యికి ఎక్కువగా వాడేది నట్, సుమారు ముప్పావు అంగుళం నుంచి అంగుళంన్నర దాకా ఉండే ముక్కలు. చిన్న పొయ్యి అయితే పీ కూడా నడుస్తుంది, కాస్త నెమ్మదిగా కాలుతుంది. మీ మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే కొనండి, రైస్ తెచ్చి ఈ పొయ్యిలో పోస్తే సగం జాలీ సందుల్లోంచి రాలిపోతుంది.

మొదటి సీజన్‌కి 40 పౌండ్ల సంచులు తెచ్చుకోవడం సులువు, శుభ్రంగా పేర్చుకోవచ్చు. అలవాటయ్యాక టన్ను లెక్కన లారీలో పోయించుకుంటే చవక, పికప్ ఉన్నవాళ్లు నేరుగా బ్రేకర్ దగ్గరికే వెళ్తారు. ఇక్కడ టన్ను అంటే 2,000 పౌండ్లు. ఒక టన్నులో దాదాపు 2.5 కోట్ల బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది, అంటే సుమారు 180 గాలన్ల హీటింగ్ ఆయిల్‌లో ఉన్నంత. ఆ గాలన్లని మీ ఊళ్లో ఆయిల్ ధరతో గుణించి, టన్ను బొగ్గు ధరతో పోల్చి చూసుకోండి, లాభమో కాదో తేలిపోతుంది. నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న చెక్క పెట్టెలో టన్నున్నర పైగానే పడుతుంది. బొగ్గు తడిసినా ఫర్వాలేదు, పైగా పార వేసే ముందు కాసిన్ని నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు.

నిప్పు రాజేయడం

దీనికి ఒకటిన్నర, రెండు గంటలు కేటాయించండి. ఆఫీసుకి వెళ్లే ముందు హడావిడిగా చేసే పని కాదు, శనివారం పొద్దున పెట్టుకోండి.

పొయ్యి ఖాళీ చేసి, జాలీ పూర్తిగా మూసుకునే స్థితిలో ఉందో లేదో చూసి, కింది గాలి పలకని, పొగగొట్టంలోని డ్యాంపర్‌ని (పొగ దారిని తెరిచి మూసే రేకుని) పూర్తిగా తెరవండి. ఒక పేపరు ఉండచుట్టి వెలిగించి గొట్టం మొదట్లో పట్టుకోండి. పొగ పైకి లాగితే సరే. వెనక్కి ఇంట్లోకి వస్తే చిమ్నీ చల్లగా ఉందన్నమాట, ఇంకో రెండు మూడు పేపర్లు కాల్చి దాన్ని వేడెక్కించండి. అప్పటికీ లాగకపోతే ఆ రోజు వెలిగించకండి, చిమ్నీలో అడ్డమేమైనా ఉందేమో చూపించాలి.

లాగుతోందని తేలాక పేపర్లు, ఎండు చితుకులు, వాటి మీద సన్నగా చీల్చిన గట్టి కట్టెలు పేర్చి వెలిగించండి. కిరోసిన్, పెట్రోల్ జోలికి పోవద్దు. ఓ అరగంటలో కట్టెలు కాలి, జాలీ అంతా పరుచుకునేలా ఎర్రటి నిప్పులు తయారవ్వాలి. ఇక్కడ తొందరపడితే బొగ్గు వేడెక్కదు, కింద నిప్పు చల్లారిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

నిప్పులు కణకణలాడుతున్నప్పుడు, ఇంకా ఒకటి రెండు కట్టెలు మండుతుండగానే, చిన్న పారతో బొగ్గు పలచగా చల్లండి. నిప్పు మొత్తం కప్పేయకుండా అక్కడక్కడా ఎరుపు కనపడాలి. తలుపు వేసి కింద నుంచి గాలి బాగా తగలనివ్వండి. కాసేపటికి చిటపటలు వినిపిస్తాయి, పది పదిహేను నిమిషాల్లో బొగ్గు సందుల్లోంచి నీలపు మంటలు నాట్యం చేస్తూ కనిపిస్తాయి. అప్పుడు ఇంకో పొర. మళ్లీ నీలపు మంట కోసం ఆగి ఇంకో పొర. ఇలా ఫైర్ బ్రిక్ పై అంచు దాకా నింపుకుంటూ రండి.

చాలామంది తడబడేది ఇక్కడే. కొద్దిగా బొగ్గు వేస్తే కొద్దిగా వేడి వస్తుందనుకుని రెండంగుళాల మందం దగ్గర ఆపేస్తారు, అది గంటలో చల్లారిపోతుంది. ఆంత్రసైట్ లోతుగా ఉంటేనే ఒకదాని వేడి ఒకదానికి తగిలి నిలబడుతుంది. ఇల్లు మరీ వేడెక్కుతోందనిపిస్తే గాలి తగ్గించుకోవాలి, బొగ్గు తగ్గించకూడదు.

పైదాకా నిండి, అంతటా నీలపు మంట ఆడుతున్నప్పుడు కింది గాలి పలకని కొంచెం కొంచెంగా మూస్తూ రండి. పై తలుపులో గాలి రంధ్రాలుంటే సన్నగా తెరిచి ఉంచితే చాలు, కట్టెల పొయ్యిలో లాగా పై గాలి ఎక్కువిస్తే నిప్పు చల్లబడుతుంది. పొయ్యి మీద అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటర్ పెట్టుకుంటే ఎంత తెరిచినప్పుడు ఎంత వేడి వస్తోందో వారం రోజుల్లో మీకే తెలిసిపోతుంది. పలకలో చేసిన మార్పు పొయ్యిలో కనిపించడానికి అరగంట పైనే పడుతుంది, కాబట్టి ఐదు నిమిషాలకోసారి తిప్పకండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బూడిద ట్రే తలుపు తెరిచి పక్కకి వెళ్లకండి. నిప్పు తొందరగా అందుకోవాలని ఆ తలుపు బార్లా తీసి, ఫోన్ వచ్చిందని వెళ్తే, గాలి విపరీతంగా తగిలి పొయ్యి ఎర్రగా కాలిపోతుంది, జాలీ వంగిపోతుంది, గొట్టం పక్కనున్నవి అంటుకునేంత వేడెక్కుతుంది. తెరిస్తే అక్కడే నిలబడి ఉండండి.

రోజూ రెండు పూటలా

సుమారు పన్నెండు గంటలకోసారి, పొద్దున లేచాక ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. ముందు కింది గాలి రెండు మూడు నిమిషాలు బాగా వదిలి నిప్పుని చురుగ్గా చేయండి. పై తలుపుని ఒక్కసారిగా తెరవకుండా అర అంగుళం తెరిచి కాసేపు ఆగి, తర్వాత పూర్తిగా తీయండి. ఇప్పుడు జాలీ హ్యాండిల్‌ని చిన్నగా, గబగబా అటూ ఇటూ ఆడించండి. నెమ్మదిగా పొడుగ్గా లాగితే బొగ్గు ముక్కలు సందుల్లో ఇరుక్కుంటాయి. బూడిద రాలడం అయిపోయి ట్రేలోకి ఎర్రటి నిప్పు కణికలు పడటం మొదలవగానే ఆపేయండి. ఇంకా ఆడిస్తే మంచి నిప్పే పోతుంది. తక్కువ ఆడిస్తే బూడిద అడ్డుపడి గాలి ఆడక రాత్రికి రాత్రి చల్లారిపోతుంది. ఎన్నిసార్లు ఆడించాలో పొయ్యిని బట్టి ఉంటుంది, ట్రేలో పడే ఎర్రటి వెలుగే గుర్తు.

పైనుంచి చువ్వ పెట్టి కెలకాలనిపిస్తుంది, కెలకొద్దు. కట్టెలని ఎగదోస్తే మండుతాయి, ఆంత్రసైట్‌ని కెలికితే బూడిద నిప్పులో కలిసి, వేడికి కరిగి గట్టి పెళ్లలుగా అతుక్కుంటుంది, అవి జాలీలో అడ్డుపడతాయి. తప్పనిసరైతే కింద నుంచి, జాలీ సందుల్లోంచి సన్నటి వంకర చువ్వతో గీకండి.

తర్వాత కొత్త బొగ్గు వేయాలి. వెనక వైపు ఎత్తుగా, ముందు వైపు పల్లంగా వేస్తూ, ముందు భాగంలో ఒక గుప్పెడంత ఎర్రటి నిప్పు తప్పకుండా కనపడేలా వదలండి. ఇది చాలా ముఖ్యం. మొత్తం కప్పేస్తే కొత్త బొగ్గు నుంచి వచ్చే వాయువులు అంటుకోవడానికి మంట లేక పొయ్యిలో నిండిపోయి, ఒక్కసారిగా భగ్గుమని పేలతాయి. ఆ దెబ్బకి తలుపు తెరుచుకోవచ్చు, గొట్టం కీళ్లు ఊడిపోవచ్చు. ఆ ఎర్రటి చోటు పైన ఆడే చిన్న మంట వాయువుల్ని ఎప్పటికప్పుడు కాల్చేస్తుంది. నీలపు మంట మళ్లీ కనిపించేదాకా కింది గాలి తెరిచి ఉంచి, ఆ తర్వాత మామూలు స్థాయికి తగ్గించి పడుకోండి.

పొద్దున లేచేసరికి నిప్పు దాదాపు చచ్చిపోయి ఉంటే జాలీని అస్సలు ఆడించకండి, ఆ కాస్తా రాలిపోతుంది. కింది గాలి తెరిచి, పైన రెండు చితుకులూ పలచగా కొంచెం బొగ్గూ వేసి, దగ్గరే ఉండి, అది అందుకున్నాకే మెల్లిగా ఆడించండి.

బూడిద

వేసిన బొగ్గులో పదో వంతు బరువు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే, బూడిదగా మిగులుతుంది. ట్రేని రోజూ తీయాలి. బూడిద గుట్టపడి జాలీని తాకితే, కింది గాలికి చల్లబడాల్సిన జాలీ చల్లబడక కాలి వంగిపోతుంది, కొత్త జాలీ ఖరీదైన వ్యవహారం. మూత ఉన్న లోహపు డబ్బాలోనే పోసి, చెక్క మెట్ల మీద కాకుండా బయట సిమెంటు మీద పెట్టండి. పైకి చల్లగా కనిపించినా నివురు కింద నిప్పు రోజుల తరబడి ఉంటుంది, ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేసి ఇళ్లు తగలబడిన సందర్భాలున్నాయి.

మన అలవాటు ప్రకారం ఈ బూడిదని గోంగూర మడిలోనో కరివేపాకు కుండీలోనో వేయొద్దు, గిన్నెలు తోమడానికీ వద్దు. కట్టెల బూడిద వేరు, ఇందులో ఆర్సెనిక్ లాంటివి ఉంటాయి. గడ్డకట్టిన డ్రైవ్‌వే మీద జారకుండా ఇక్కడివాళ్లు చల్లుతుంటారు, అది పనికొస్తుంది, కాకపోతే చెప్పులు బయటే విడిచి రండి.

ఇంట్లో మసలేటప్పుడు

పొయ్యి చుట్టూ పిల్లల గేటు కట్టండి. చీర కొంగు, చున్నీ, వదులు నైటీలతో తలుపు దగ్గరికి వంగకూడదు, పొడుగు తోలు చేతితొడుగులు పక్కనే తగిలించి ఉంచండి. గాలి బాగా పొడిబారుతుంది కాబట్టి పొయ్యి మీద ఒక ఇనప గిన్నెలో నీళ్లు పెట్టండి. జనవరి చలిలో ఇడ్లీ, దోసె పిండి పులియడం ఈ ఊళ్లలో పెద్ద సమస్య, పొయ్యి ఉన్న గదిలో నాలుగైదు అడుగుల దూరంలో బల్ల మీద పెడితే చక్కగా పొంగుతుంది, నాకు మాత్రం ఇది పొయ్యి వల్ల కలిగిన గొప్ప సుఖాల్లో ఒకటి.

బయట వెచ్చబడే రోజుల్లో, 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, చిమ్నీ లాగడం బాగా తగ్గిపోతుంది. అలాంటప్పుడు గాలి బిగించి నిప్పుని ఎలాగో నిలబెడదామని చూడటం ప్రమాదం, వాయువులు వెనక్కి తన్నే సమయం అదే. వదిలేసి చల్లారనివ్వండి, ఆ రెండు రోజులూ వేరే హీటర్ వాడుకోండి.

సీజన్ అయిపోయాక

ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో చివరిసారి నిప్పు చల్లారాక శుభ్రం చేయడం దసరాకి చూద్దామని వాయిదా వేయకండి. గొట్టంలో, పొయ్యి పైభాగంలో మెత్తటి బూడిద పేరుకుని ఉంటుంది. అందులో గంధకం ఉంటుంది, వేసవి తేమ తగిలితే ఆమ్లంగా మారి రెండు మూడు నెలల్లో పొగగొట్టాన్ని చిల్లులు పడేలా తినేస్తుంది. గొట్టం ఊడదీసి బయటికి తీసుకెళ్లి దులపండి, వంపుల దగ్గర ఎక్కువ ఉంటుంది. పొయ్యి లోపల బ్రష్షుతో గీకి, మాస్కు పెట్టుకుని ఎత్తేయండి. మామూలు వాక్యూమ్ వాడితే సన్న బూడిద వెనక నుంచి ఇల్లంతా పరుచుకుంటుంది, బూడిద కోసం చేసినదే వాడాలి. తర్వాత బేకింగ్ సోడా కలిపిన నీళ్లతో లోపలంతా తుడిచి, బాగా ఆరనిచ్చి, ఇనుముకి పలచగా నూనె పట్టించండి. గొట్టం మళ్లీ బిగించకుండా చిమ్నీ రంధ్రాన్ని మూసి ఉంచితే తడి గాలి పొయ్యిలోకి దిగదు. చిమ్నీ స్వీప్‌ని కూడా ఈ నెలల్లోనే పిలవండి, సెప్టెంబర్ వచ్చేసరికి వాళ్లు దొరకరు. బొగ్గు ఆర్డర్ కూడా వేసవిలోనే ఇచ్చేస్తే మంచిది, మొదటి మంచు పడే వారంలో ఆ ప్రాంతమంతా ఒకేసారి ఫోన్లు చేస్తుంది.